పద్నాలుగేళ్లకి ఐస్ స్కేటింగ్: ఏడాదిన్నర క్లాసుల తర్వాత నా రివ్యూ

జులైలో డల్లాస్‌లో బయట 104 డిగ్రీలు. స్టీరింగ్ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. ఆ ఎండలో నేను స్వెట్టరు, మేజోళ్లు, మా అత్తగారిచ్చిన పాత శాలువా ఒక సంచిలో కుక్కుకుని కారెక్కుతాను. ఇరవై నిమిషాలు వెళ్తే ఐస్ రింక్. లోపల బెంచీ మీద ముప్పావుగంట కూర్చుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. మా అమ్మాయి స్కేటింగ్ క్లాసుల కోసం ఏడాదిన్నరగా వారానికి రెండుసార్లు ఇదే నా పని. కాబట్టి ఈ క్లాసుల గురించి నాలుగు ముక్కలు రాసే హక్కు నాకు వచ్చేసిందనే అనుకుంటున్నాను.

రివ్యూ దేని గురించంటే, లెర్న్ టు స్కేట్ యూఎస్ఏ అనే గ్రూప్ క్లాసులు. అమెరికాలో చాలా రింకుల్లో ఇదే సిలబస్. బేసిక్ 1 నుంచి 6 దాకా, తర్వాత ప్రీ ఫ్రీ స్కేట్, ఆపైన ఫ్రీ స్కేట్ 1 నుంచి 6. మేం వెళ్లే రింక్ పేరు మాత్రం రాయను. ఎందుకో మధ్యలో మీకే తెలుస్తుంది.

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా క్రిస్మస్ సెలవుల్లో ఫ్రెండ్ బర్త్‌డేకి గలేరియా మాల్‌లో ఉన్న రింక్‌కి వెళ్లింది. గంటసేపూ గోడ పట్టుకునే తిరిగిందట. ఇంటికొచ్చి, "అమ్మా, నాకు ఫిగర్ స్కేటింగ్ నేర్పించు" అంది. మా గరాజ్‌లో అప్పటికే ఒక వయొలిన్, రెండు టెన్నిస్ రాకెట్లు, ఒక కరాటే తెల్ల బెల్టు ఉన్నాయి. ఇదీ వారం రోజుల ముచ్చటే అనుకున్నాం. తెనాలికి ఫోన్ చేసి చెప్తే మా అమ్మ, "జారడం నేర్పడానికి డబ్బులు తీసుకుంటారా? వానాకాలం మన నూతి గట్టు మీద ఊరికే జారచ్చు కదే!" అంది.

డబ్బులు బాగానే తీసుకుంటారు. ఎనిమిది వారాల సెషన్‌కి మాకు 165 డాలర్లు. వారానికి ఒక అరగంట క్లాసు, ఒకసారి పబ్లిక్ స్కేటింగ్‌లో ప్రాక్టీస్‌కి పాస్, అద్దె బూట్లు అందులోనే. జబ్బు చేసి క్లాసు పోతే పోయినట్టే, దానికి బదులు ఇంకో క్లాసు ఇవ్వరు.

మొదటి తలనొప్పి మొదటి రోజే వచ్చింది. క్లాసులు వయసుని బట్టి కాదు, లెవెల్‌ని బట్టి. మా అమ్మాయి అయిదడుగుల నాలుగంగుళాలు. బేసిక్ 1లో మిగతా ఆరుగురూ తన నడుము దాకా వస్తారు. ఒకడు పులి బొమ్మ హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. మొదటి పాఠం, ఐస్ మీద కూర్చుని లేవడం. పులిగాడు చటుక్కున లేచి నిలబడ్డాడు. మా అమ్మాయి మూడోసారి జారి కూలబడితే పక్కకొచ్చి, చెయ్యి మోకాలి మీద పెట్టి లేవమని సలహా కూడా ఇచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఇరవై నిమిషాలూ మౌనవ్రతమే.

మూడోవారం కౌంటర్‌లో మొహమాటం వదిలేసి అడిగితే తెలిసింది, ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి టీనేజర్లకీ పెద్దవాళ్లకీ కలిపి వేరే క్లాసు ఉందట. ఆ ముక్క చేరేటప్పుడే చెప్పొచ్చు కదా! టీనేజ్‌లో మొదలుపెట్టే పిల్లలున్న తల్లిదండ్రులు ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. ఆ క్లాసులో ఇద్దరు హైస్కూల్ పిల్లలు, నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చే ఒక నర్సు, అరవై దాటిన ఒక పెద్దాయన ఉన్నారు. అందరూ పడేవాళ్లే, అందరూ నవ్వేవాళ్లే. ఆ రోజు నుంచి ఆదివారం అలారం మోగకముందే లేచేది మా అమ్మాయి.

ఇప్పుడు కోచ్ గురించి. నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఆవిడే. మొదటి సెషన్ అయిపోయాక ఆవిడ దగ్గరికెళ్లి నేనడిగిన ప్రశ్న ఇప్పుడు రాయాలంటే సిగ్గేస్తోంది. "నేషనల్స్‌కి వెళ్లాలంటే ఎన్నేళ్లు పడుతుందండీ?" ఆవిడ నవ్వలేదు. "మీరడుగుతున్నారా, మీ అమ్మాయి అడిగిందా?" అన్నారు. నేనే అని ఒప్పుకున్నాను.

ఆవిడ అటెండెన్స్ కాగితం వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టారు. ఏడాదిలో రెండు వైపులా క్రాసోవర్లు (ఒక కాలి మీదుగా ఇంకో కాలు దాటిస్తూ వంపులో వెళ్లడం), రెండు కాళ్ల మీదా త్రీ టర్న్, ఒంటికాలి స్పిన్ మూడు చుట్లు, వాల్ట్జ్ జంప్ (అరచుట్టు ఎగరడం). హైస్కూల్ అయ్యేసరికి సింగిల్ జంప్‌లన్నీ, అంటే గాల్లో ఒక్క చుట్టు తిరిగేవి. ఆ కింద ఆక్సెల్ అనే జంప్ పేరు రాసి పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టారు. "డబుల్ జంప్‌లు ఈ వయసులో మొదలుపెట్టినవాళ్లలో కొందరికి వస్తాయి. ట్రిపుల్స్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి" అన్నారు. మరి పోటీలు? చిన్న పోటీలు లెవెల్‌ని బట్టి ఉంటాయట, బేసిక్ స్కిల్స్ వాళ్లకి కూడా. కాలేజీలకి టీమ్‌లున్నాయి, పదహారు మంది దాకా కలిసి చేసే సింక్రనైజ్డ్ స్కేటింగ్ ఉంది, 21 దాటాక పెద్దవాళ్ల పోటీలు వేరే ఉన్నాయి. "తనకి డెబ్బై ఏళ్లొచ్చేదాకా ఇందులో పని ఉంటుంది. టీవీలో కనిపించేది మాత్రం ఉండకపోవచ్చు."

ఆ మాట నాకు చేదుగా తగల్లేదు. నేను తెనాలిలో పదమూడేళ్లకి కూచిపూడిలో చేరాను. నాతోపాటు నేర్చుకునేవాళ్లంతా ఆరేళ్లప్పుడు గజ్జె కట్టినవాళ్లు. నాలుగేళ్లు ఆఖరి వరసలో నిలబెట్టారు. రంగప్రవేశం వచ్చే ఏడాది, వచ్చే ఏడాది అంటూ ఇంటర్ అయిపోయింది. నీ వయసుకి ఇంతవరకు వస్తుంది, ఇంతకు మించి కష్టం అని ఎవరైనా అప్పుడే చెప్పుంటే ఆ ఇంతవరకైనా సంతోషంగా చేసేదాన్ని. అందుకే ఆ కాగితం తెచ్చి ఫ్రిజ్ మీద అంటించాను.

మా ఆయన ఒప్పుకోలేదు. ఆయనది హైదరాబాద్, చిన్నప్పుడు ఇందిరా పార్క్‌లో రోలర్ స్కేట్లు తొక్కిన మనిషి. మా ఊరి అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో చక్రాల మీద రెండు కాంస్యాలు కొట్టలేదా అంటారు. కొట్టాడు, కానీ పద్నాలుగేళ్లకి మొదలుపెట్టి కాదు కదా. రెండ్రోజులు నెట్ వెతికి జానీ వీర్ కథ పట్టుకొచ్చారు. పన్నెండేళ్లకి స్కేటింగ్ మొదలుపెట్టి 2004 నుంచి 2006 దాకా వరసగా మూడుసార్లు అమెరికా ఛాంపియన్ అయ్యాడు. అది చాలక, 2022లో అంతర్జాతీయ సీనియర్ పోటీలకి కనీస వయసు 15 నుంచి 17కి పెంచాలని నిర్ణయించారు కాబట్టి "మనకింకా మూడేళ్లు టైముంది" అన్నారు. కోచ్‌కి చెప్తే, "ఆ పదిహేడేళ్ల పిల్లలు నాలుగేళ్లకో అయిదేళ్లకో ఐస్ ఎక్కారు. ఇక జానీ వీర్ అంటారా, అలాంటివాళ్లు పదిమంది ఉంటే మీవారికి రెండ్రోజులు వెతికే పని ఉండేది కాదు" అన్నారు. మా ఆయన దగ్గర దీనికి జవాబు ఇంకా తయారవుతోంది.

క్లాసులో ఏం నేర్పుతారో ఒక్కటి చెప్తాను, త్రీ టర్న్. ఒంటికాలి మీద ముందుకి వంపుగా వెళ్తూ, కాలు మార్చకుండా, అదే కాలి మీద గిరుక్కున వెనక్కి తిరగాలి. సరిగ్గా తిరిగితే ఐస్ మీద 3 అంకె పడుతుంది. స్కేట్ బ్లేడ్ అంటే కత్తిలా ఒకే పదును అనుకునేదాన్ని. కాదు, మధ్యలో సన్నటి కాలువలా లోతు ఉండి, అటూ ఇటూ రెండు అంచులుంటాయి. బయటి అంచు మీద బయల్దేరినవాళ్లు తిరిగాక లోపలి అంచు మీదకి రావాలి. భుజాలు ముందు తిరగాలి, నడుము తర్వాత, కాలు ఆఖర్న. ఎడమకాలి మీద మా అమ్మాయికి రెండు వారాల్లో వచ్చింది. కుడికాలికి పదకొండు వారాలు పట్టింది. ప్రతిసారీ ఆగి, వంగి, ఐస్ మీద గీత చూసుకునేది. 3కి బదులు సున్నా చుట్టినట్టు గీసుకుపోయిన మరక కనిపిస్తే మళ్లీ మొదలు. అప్పుడే మంచు చదును చేసే జాంబోనీ బండి వెళ్లిన ఐస్ అయితే గీత బాగా కనబడుతుందని సెషన్ మొదలవకముందే గేటు దగ్గర నిలబడేది. పదకొండోవారం గీత చూసుకుని నావైపు తిరిగి మూడు వేళ్లు చూపించింది. నేను మూడు డాలర్లు అడుగుతోందేమో అనుకున్నాను.

కోచ్ ఊరికే పాస్ చెయ్యరు. బేసిక్ 5లో వెనక్కి క్రాసోవర్లు, హాకీ స్టాప్ (రెండు కాళ్లూ అడ్డంగా తిప్పి చటుక్కున ఆగడం) రాలేదని ఒక సెషన్ అంతా మళ్లీ చేయించారు. ఫీజు కట్టాక ఫెయిలేమిటని మా ఆయన గొణిగారు గానీ, నాకు మాత్రం అక్కడే నమ్మకం కుదిరింది.

బూట్ల సంగతి. అద్దె బూట్లు మొదటి రెండు లెవెల్స్‌కి చాలు, తర్వాత చాలవు. మొద్దు బ్లేడ్లతో అంచు మీద నిలబడమంటే ఎలా? బేసిక్ 3లో జాక్సన్ కంపెనీవి కొన్నాం, బ్లేడ్‌తో కలిపి 230 డాలర్లు. కొలతలు తీసినతను పాదం పొడవు, వెడల్పు రెండూ చూసి, మామూలు షూ కన్నా ఒక సైజు తక్కువ ఇచ్చాడు. పెరిగే పిల్ల కదా అని మన అలవాటు కొద్దీ ఒక సైజు పెద్దది అడిగాను. స్కూలు బూట్లు కావండీ ఇవి, వదులైతే మడమ లోపల ఆడి చీలమండ పక్కకి మడత పడుతుంది అన్నాడు. బూట్లని ఓవెన్‌లో వేడిచేసి కాలికి తొడిగి పావుగంట కూర్చోబెట్టాడు, కాలి ఆకారానికి సర్దుకోవడానికి. కొత్తల్లో గట్టిగా ఉండి ఏడిపించాయి, నెలకి దారికొచ్చాయి. వీటికి ఎలాంటి వంకా లేదు.

వంక పదును పెట్టించడం దగ్గర వచ్చింది. పాతిక గంటలు స్కేట్ చేశాక పదును పెట్టించాలి. రింక్‌లోనే కౌంటర్ ఉంది కదా అని అక్కడిచ్చాం. అక్కడ రోజంతా వచ్చేవి హాకీ బ్లేడ్లు. ఫిగర్ స్కేట్ బ్లేడ్‌కి ముందు పళ్లుంటాయి, వాటిలో కింది పన్ను స్పిన్‌కీ జంప్‌కీ ప్రాణం. ఆ కుర్రాడు దాన్ని కూడా శుభ్రంగా అరగదీసి ఇచ్చాడు. మాకేం తెలుసు, తళతళలాడుతోందని సంతోషపడ్డాం. ఆ ఆదివారం మా అమ్మాయి స్పిన్ మొదలుపెట్టగానే ముందుకి తూలి రెండుసార్లు పడింది. కోచ్ బ్లేడ్ తిప్పి చూసి కళ్లు మూసుకున్నారు. కొత్త బ్లేడ్లకి 95 డాలర్లు. గట్టిగా అడిగితే, ఇంకోసారి ఉచితంగా పదును పెడతామని కూపన్ ఇచ్చారు! అది ఇప్పటికీ నా పర్సులో ఉంది. ఇప్పుడు నలభై నిమిషాల దూరంలో ఫిగర్ స్కేట్లు మాత్రమే చేసే ఒకాయన దగ్గరికి వెళ్తున్నాం.

దెబ్బల గురించి అందరూ అడుగుతారు. విరగలేదు. ఒకసారి తోక ఎముక మీద పడి వారంపాటు స్కూల్లో దిండు మీద కూర్చుంది. ఆ తర్వాత నలభై డాలర్లు పెట్టి మెత్తలున్న షార్ట్స్ కొన్నాం. అవి మొదటి రోజే కొనుక్కోండి. చిన్నపిల్లలు నేలకి దగ్గర, పడినా లేస్తారు. ఈ వయసువాళ్లు ఎత్తు నుంచి పడతారు, పైగా పడతామని ముందే తెలుసు కాబట్టి భయపడతారు. కోచ్ చెప్పేదాన్ని బట్టి టీనేజర్లతో అసలు పని ఆ భయంతోనే. అయితే చెప్పిన మాట ఒక్కసారికే అర్థం చేసుకోవడంలో వీళ్లే నయమట.

మొత్తం ఖర్చు లెక్కేశాను. క్లాసులు, బూట్లు, పాడైన బ్లేడ్లు, ఆఖరి ఆరు నెలల్లో నెలకి రెండుసార్లు అరగంట ప్రైవేట్ పాఠాలు కలిపి రెండువేల నాలుగొందల డాలర్ల చిల్లర. పెట్రోలు కలపలేదు. కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోడానికి పనికొస్తుందా అని నన్నడిగినవాళ్లు అయిదుగురున్నారు. అందుకోసమైతే ఇంతకన్నా చవకైనవీ, వెచ్చగా ఉండేవీ చాలా ఉన్నాయి.

ఫ్రిజ్ మీది కాగితంలో మొదటి వరసలో నాలుగూ కొట్టేశాం, ఏడాది కాదు, పదహారు నెలలు పట్టింది. ఒంటికాలి స్పిన్ మంచిరోజున నాలుగు చుట్లు, మామూలు రోజున రెండున్నర. సాల్కో వచ్చింది, టో లూప్ సగం వచ్చింది. ఆక్సెల్ పక్కన ప్రశ్నార్థకం అలాగే ఉంది. సాల్కో, టో లూప్ వెనక్కి వెళ్తూ ఎగిరేవి. ఆక్సెల్‌కి ముందుకి చూస్తూ ఎగిరి వెనక్కి వెళ్తూ దిగాలి, అంటే ఒకటిన్నర చుట్లు. మా అమ్మాయి రోజూ వంటింట్లో మేజోళ్లతో ఎగిరి చూస్తోంది, గిన్నెలు దడదడలాడుతున్నాయి.

అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తాను. కోచ్‌కి విడిగా ఇవ్వమంటే అయిదూ ఇస్తాను, పదును కౌంటర్‌కి ఆ కూపన్ ఇస్తాను. వెళ్లేవాళ్లు బెంచీ మీద పరుచుకోడానికి మందపాటి దుప్పటి, ఫ్లాస్క్‌లో కాఫీ తీసుకెళ్లండి. హాట్ చాక్లెట్ మెషీన్ మీద "త్వరలో బాగుచేస్తాం" అనే కాగితం మేం చేరిన రోజు నుంచీ ఉంది.