అమ్మ మోకాళ్లకి చైనా వైద్యం: సింగపూర్‌లో కొన్నేళ్లు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా. సూదులకి (ఒంట్లో సన్నటి సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్) ఓకే, తాయ్ చీ లాంటి వ్యాయామానికి అయితే రెండు చేతులా ఓటు, మూలికల పొడులు మాత్రం పెద్దవాళ్లకి ఇచ్చే ముందు వందసార్లు ఆలోచించండి. అమ్మానాన్నల్ని ఇక్కడికి తెచ్చుకున్న మనవాళ్లు చాలామంది నన్ను ఇదే అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

మా అమ్మకి డెబ్బై దాటాయి, తణుకు నుంచి మా దగ్గరికి వచ్చేసింది. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, షుగరు, బీపీ, వీటికి తోడు గుండె లయ తప్పుతోందని రక్తం పలచబడే మాత్ర వార్ఫరిన్ కూడా వేస్కుంటుంది. వార్ఫరిన్ ఉన్నవాళ్లకి డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు ఇవ్వకూడదు, కడుపులో బ్లీడింగ్ అయ్యే ప్రమాదం ఉంటుంది, పైగా కిడ్నీల మీద భారం. ఆపరేషన్ మాటెత్తితే ఆవిడ లేచి వెళ్లిపోతుంది. ఇంక మిగిలింది పారాసిటమాల్, ఫిజియో, ఆ రెండూ చేస్తూనే సూదుల డాక్టరు దగ్గరికి కూడా వెళ్దాం అనుకున్నాం.

ఇక్కడ చైనా వైద్యం అంటే సందులో ఎవరో చేసేది అనుకోకండి. 1867 లో మొదలైన థాంగ్ చాయ్ లాంటి సంస్థలు జాతి, మతం చూడకుండా పేదవాళ్లకి ఉచితంగా మందులిచ్చిన చరిత్ర ఉంది. 2000 లో దీనికోసం ప్రత్యేకంగా చట్టం తెచ్చారు, బోర్డులో రిజిస్టర్ కానిదే ప్రాక్టీస్ చేయకూడదు, డాక్టరు పేరు రిజిస్టర్‌లో ఉందో లేదో ఆన్‌లైన్‌లో ఎవరైనా చూస్కోవచ్చు. వెళ్లేముందు ఆ రెండు నిమిషాలు పెట్టండి ప్లీజ్.

అయితే రిజిస్ట్రేషన్ ఉంటే సరిపోదని మొదటి క్లినిక్‌లోనే తెలిసింది. మూడు వేళ్లతో రెండు చేతుల నాడీ చూశారు, నాలుక చాపమన్నారు, అంతా శ్రద్ధగానే చేశారు గానీ ఏం మాత్రలు వాడుతున్నారని ఒక్క మాట అడగలేదు. నేనే వార్ఫరిన్ అని చెప్తే రెండు గంటలు గ్యాప్ ఇచ్చి వేస్కోండి చాలు అని పొడి పొట్లాలు చేతిలో పెట్టారు. పేరు దు హువో జి షెంగ్ తాంగ్. 7వ శతాబ్దంలో సున్ సిమియావ్ అనే వైద్యుడు రాసిన గ్రంథంలోది, ముసలివాళ్ల నడుం నొప్పికీ మోకాళ్ల నొప్పికీ ఇప్పటికీ బాగా ఇచ్చే మందు అదే. అందులో 15 దినుసులు ఉంటాయి. మా ఫార్మసిస్ట్‌కి లిస్టు చూపిస్తే అమ్మకి వద్దని ఆపేశాడు, కారణాలు కూడా ఒక్కోటి కూర్చుని చెప్పాడు. డాంగ్‌గుయ్ అనే వేరు వార్ఫరిన్ పనిని పెంచుతుంది, జిన్సెంగ్ ఏమో తగ్గించొచ్చు, అంటే ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూసే టెస్ట్ లెక్క) ఎటు పోతుందో తెలీదు. మన అతిమధురం కూడా ఉంది అందులో, అది రోజూ తీసుకుంటే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది, గుండె లయ అసలే బాలేని మనిషికి అది ఎంత డేంజరో చెప్పక్కర్లేదు. షి షిన్ అనే ఇంకో దినుసు అరిస్టొలోకియా కుటుంబం మొక్కది. ఆ కుటుంబం పేరు వింటే కిడ్నీ డాక్టర్లు ఎందుకు ఉలిక్కిపడతారంటే, 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గే మందులో ఒక మూలికకి బదులు అరిస్టొలోకియా జాతి మొక్క కలిసిపోయి చాలామంది ఆడవాళ్ల కిడ్నీలు పాడైపోయాయి. ఇవన్నీ కడుపులో కలిసే సంగతులు కావు, లివర్‌లో, రక్తంలో, కిడ్నీల్లో జరిగేవి, రెండు గంటల గ్యాప్ ఇస్తే ఏం మారుతుంది చెప్పండి? నాకు ఇప్పటికీ కోపమే ఆ విషయంలో.

తర్వాత దొరికిన డాక్టరమ్మ నాడీ పట్టుకోకముందే మాత్రల డబ్బా చూపించమంది. చూసి, మీకు మూలికలు రాయను, సూదులు మాత్రమే, కప్పింగ్ (కప్పులు బోర్లించి చర్మాన్ని పైకి లాగే పద్ధతి) కూడా వద్దు, రక్తం పలచబడే మాత్ర ఉంది కాబట్టి ఒళ్లంతా కమిలిపోతుంది అంది. ఆవిడ దగ్గరే సెటిలయ్యాం.

సూది అంటే ఇంజెక్షన్ సూది లాంటిది కాదండి, వెంట్రుక కంటే కాస్త మందం, ఒక్కసారి వాడి పారేసేది. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల దూరంలో, ఎముకకి పక్కన జుసాన్‌లి అనే చోటు ఉంటుంది, అక్కడ ఒకటి, చిప్పకి రెండు వైపులా గుంటల్లో ఒక్కోటి, ఇంకా అటూ ఇటూ కొన్ని. గుచ్చాక మెల్లగా తిప్పుతుంది. అమ్మ తెలుగులో "లాగుతోందే, కాలు బరువెక్కింది" అంటే నేను ఇంగ్లీషులో చెప్పేదాన్ని, డాక్టరమ్మ సంతోషంగా తలూపేది, వాళ్లకి కావల్సింది ఆ బరువేనంట. దాదాపు అరగంట అలాగే పడుకోవాలి. తీసేటప్పుడు దూదితో అందరికంటే అమ్మకి ఎక్కువసేపు నొక్కి పట్టేది. ఎప్పుడైనా చిన్న నీలం మచ్చ తప్ప ఇంకేం కాలేదు. సూదులకి కరెంటు పెట్టే పద్ధతి కూడా ఉంది, పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్లకి మాత్రం అది వద్దు, ముందే చెప్పండి.

మాక్సా అని ఇంకోటి, ఎండబెట్టిన ఆకు చుట్టని వెలిగించి చర్మానికి దగ్గరగా పట్టుకుని వేడి ఇస్తారు. అమ్మ వాసన చూడగానే ఇది వినాయక చవితి మాచిపత్రి కదే అంది, నిజంగానే అది మాచిపత్రి జాతి మొక్కే! ఆవిడకి ఇది సూదుల కంటే నచ్చింది. కానీ షుగరు ఉన్నవాళ్లకి కాళ్లలో స్పర్శ తగ్గిపోయి కాలుతున్నా తెలీదు, అందుకే డాక్టరమ్మ తన వేళ్లు అమ్మ చర్మం మీద ఆనించి ఉంచి వేడిని తన వేళ్లతో చూస్కుంటూ పట్టేది, పాదాల దగ్గర అసలు చేసేదే కాదు. ఇలా చేయని చోట చేయించుకోకండి.

రిజల్ట్ ఏంటంటే, వారానికోసారి వెళ్తున్నప్పుడు నొప్పి తగ్గింది. కుర్చీలోంచి లేవడం, బస్సెక్కడం బాగా తేలికైంది. మానేస్తే కొన్ని వారాలకి మళ్లీ వస్తుంది. ఎక్స్‌రేలో అరుగుదల అలాగే ఉంది, అది వెనక్కి రాదు. అరికాళ్ల తిమ్మిరికి ఏం పని చేయలేదు, నిద్రలోనూ తేడా లేదు. ఇంగ్లండ్‌లో ఏ జబ్బుకి ఏ వైద్యం ఇవ్వాలో చెప్పే నైస్ అనే సంస్థ 2022 గైడ్‌లైన్స్‌లో కీళ్ల అరుగుదలకి సూదులు ఇవ్వొద్దనే రాశారు, ఆ సంగతి కూడా తెలుస్కుని వెళ్లండి. ఖర్చు మాది సిట్టింగ్‌కి 60 డాలర్ల పైనే, అంతా చేతి నుంచే.

అసలు లాభం వచ్చింది మాత్రం పైసా ఖర్చు లేనిదాంట్లో. మా బ్లాక్ కింద పొద్దున్నే చైనా పెద్దవాళ్లు తాయ్ చీ, బాదువాన్‌జిన్ చేస్తారు, అమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని వెనక వరసలో నిలబడింది. బాదువాన్‌జిన్ అంటే ఎనిమిది కదలికలు, మొదటిది రెండు చేతులతో ఆకాశాన్ని మోస్తున్నట్టు ఎత్తడం, చివరిది మడమలు లేపి దించడం. ఆ చివరిదాన్ని ఆవిడ మా ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని, దబ్బున వదలకుండా నెమ్మదిగా దించుతూ చేస్తుంది. తాయ్ చీలో ఒంటి బరువుని ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మెల్లగా మార్చడమే పని, పెద్దవాళ్లు పడిపోయేది సరిగ్గా అలా మార్చేటప్పుడే కదా. అమెరికాలోని ఒరెగాన్‌లో 70 దాటిన 670 మంది మీద చేసి 2018 లో ప్రచురించిన పరిశోధనలో, ఉత్త స్ట్రెచింగ్ చేసినవాళ్ల కంటే తాయ్ చీ చేసినవాళ్లు పడిపోవడం 58 శాతం తక్కువ. అమ్మ అయితే ముందు బాత్రూం గోడ పట్టుకోకుండా అడుగు వేసేది కాదు, ఇప్పుడు పట్టుకోవట్లేదు.

ఇంకో విషయం, కీళ్ల నొప్పులకి చైనా మూలిక అని చాటుగా అమ్మే పేరులేని మాత్రలు రెండ్రోజుల్లో అద్భుతంగా పని చేస్తే అనుమానించండి. అలాంటి వాటిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ దొరికిందని ఇక్కడి ఆరోగ్య శాఖవాళ్లు పదే పదే హెచ్చరిస్తున్నారు, షుగరు అమాంతం పెరిగిపోతుంది. మా ఎదురింటి ఆంటీ ప్రేమగా ఇచ్చే చామంతి టీలో కూడా గోజీ అనే చిన్న ఎర్ర పళ్లు వేస్తారు, అవి కూడా వార్ఫరిన్‌తో పడవు. అవి వేయకుండా ఇవ్వమని అడిగాం, ఆంటీ ఏమీ అనుకోలేదు.

ఇప్పుడు సూదులు నెలకోసారికి తగ్గించాం, వార్ఫరిన్, షుగర్ మాత్రలు ఒక్కరోజు కూడా ఆపలేదు, కింద వ్యాయామం మాత్రం వాన పడితే తప్ప మానదు అమ్మ.