మూడంతస్తుల మట్టి కంపోస్టు కుండ: రెండు వానాకాలాలు వాడిన తర్వాత

ఈ కుండలో తడి చెత్త ఎరువుగా ఎలా మారుతుందో చెప్పే వీడియోలు కొల్లలుగా ఉన్నాయి కనుక ఆ వివరాల జోలికి పోను. హైదరాబాదులో మా ఫ్లాటు బాల్కనీలో దీన్ని రెండు వానాకాలాలు దాటించాక, నాకు ఎరువు కన్నా ఎక్కువ సంతోషాన్నిచ్చింది మిగిలిన చెత్త. కూరగాయల తొక్కలు, టీ పిప్పి, మిగిలిన అన్నం కుండలోకి పోగా, బయటికిచ్చే సంచిలో ఉండేవి పాల ప్యాకెట్లు, కాగితాలు, అట్టపెట్టెలే. చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటో ఒక రోజు రాకపోయినా ఆ సంచి కంపు కొట్టదు, కుక్కలు చింపి వీధంతా ఈడ్వవు. ఆటోలో వచ్చే ఆవిడ మా సంచిని అక్కడే విప్పి, అట్టలను వేరే గోనెలో వేసుకుంటుంది. పొడిగా ఉన్న అట్టకు ఆమెకు నాలుగు డబ్బులు వస్తాయి, పులుసు అంటిన అట్టను ఎవరూ కొనరు. నగరంలో 2015లో తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం డబ్బాలు ఇంటింటికీ పంచారు, కేంద్రం 2016లో తెచ్చిన ఘనవ్యర్థాల నియమాలు వేరు చేసి ఇవ్వడాన్ని తప్పనిసరి చేశాయి; కానీ తడి చెత్త ఇంట్లోనే ఆగిపోతే దారిలో పొడి చెత్తతో కలిసిపోవడానికి అసలేమీ ఉండదు.

మొదటి వానాకాలంలో మాత్రం ఈ కుండ మమ్మల్ని గట్టిగా పరీక్షించింది. ఎడతెగని ముసురులో ఒక ఉదయం మూత తీస్తే, బూడిద రంగు పురుగులు గుత్తులు గుత్తులుగా గోడలెక్కుతున్నాయి, ముక్కు మండే ఘాటు, అడుగు పళ్లెంలో నల్లని రసం. నగర శివారులోని జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దిగువన మల్కారం చెరువును పాడుచేసింది ఇలాంటి రసమేనని గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. అమ్మినవారికి ఫోను చేస్తే అంతా పారబోసి, చెత్త మీద చల్లే కంపోస్టు పొడి కొత్తది కొనమన్నారు. అత్తయ్యగారు కుండనే పారేయమన్నారు. మొక్కలు కొనే నర్సరీ అతను ఫోటో చూసి, "అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్లలమ్మా, ఉండనివ్వండి, తడి తగ్గించండి" అన్నాడు. మా వీధిలో ఊడ్చి, మూలన కుప్పపోసి తగలబెట్టే వేప, కానుగ ఎండుటాకులను అప్పటి నుంచి గోనెలో తెచ్చుకుని, వేసిన ప్రతి గుప్పెడు చెత్త మీదా అంతకు రెట్టింపు కప్పుతున్నాను. ఘాటు తగ్గింది, ఆ పురుగులు అన్నాన్నీ తొక్కలనూ చూస్తుండగానే ఖాళీ చేశాయి. ఎదిగిన పురుగులు తెల్లవారేసరికి బయటికి పాకుతాయి, వాటి కోసం గోరింకలు వస్తాయి. రెక్కలొచ్చాక ఈ ఈగలు వంటింట్లో అన్నం మీద వాలే రకం కావు.

మట్టి గోడ తేమను తానే ఆర్చుకుంటుందని మొదట్లో అందరికీ చెప్పేదాన్ని. అది ఎండాకాలానికి చెల్లే మాట. గాలే తడిగా ఉన్న ఆషాఢ శ్రావణాల్లో గోడ చెమర్చుతూనే ఉంటుంది, ఎండుటాకులు లేకుంటే వాసన వస్తుంది. ఒకదానిపై ఒకటి పేర్చిన ఈ మూడింటిలో నిండిన కుండను కిందికి దించడం కూడా నా మోకాళ్ల వల్ల కాదు, ఆ పని మా అబ్బాయి చేస్తాడు.

మేం నలుగురం, వంట ఎక్కువగా శాకాహారం, బాల్కనీలోకి జల్లు కొట్టదు, కలియబెట్టడానికి పగలు ఇంట్లో మనిషి ఉంటారు. ఈ నాలుగూ కుదిరాయి కాబట్టి మాకు ఇది సరిపోయింది. వారానికి నాలుగు రోజులు చేపలో మాంసమో వండే ఇంటికీ, ఉదయం తాళం వేస్తే రాత్రికి తీసే ఇంటికీ నేను ధైర్యంగా కొనమనలేను. అలాంటివారు అపార్టుమెంటులో నలుగురితో కలిసి కింద ఒక పెద్ద తొట్టి పెట్టుకోవడం మేలేమో.