పాత స్పోర్ట్స్ కారులో కమురు వాసన: యూవీ డై కిట్ ఎంతవరకు పనికొస్తుంది?

ఇంజిన్ ఆయిల్ ఎక్కడ లీకవుతోందో పట్టుకోవడానికి అమ్మే యూవీ డై కిట్‌ను, 1989 నుంచి 1997 వరకు తయారైన తొలి తరం మాజ్డా ఎంఎక్స్-5 మీద వాడి చూసిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. పెట్టెలో ఆయిల్‌లో కలిపే, అతినీలలోహిత (యూవీ) కాంతి పడితే మెరిసే రంగు ద్రవం ఉన్న చిన్న సీసా, ఆ కాంతినిచ్చే టార్చి, పసుపు అద్దాల కళ్లజోడు ఉంటాయి. వీటిలో ద్రవం బాగుంది, కళ్లజోడు ఫరవాలేదు, టార్చి మాత్రం నాసిరకం.

కిట్ గురించి చెప్పే ముందు వాసన గురించి కొంత చెప్పాలి. పాత కారులో వాసన వస్తోందనగానే చాలామంది ఆయిల్ మాడే వాసననూ సైలెన్సర్ పొగ వాసననూ ఒకే ఫిర్యాదుగా చెబుతారు, కానీ ఈ రెండింటికీ కారణాలు వేరు, వెతికే పద్ధతులు వేరు. ఇంజిన్ నుంచి పొగను బయటికి తీసుకుపోయే గొట్టాల గుత్తి, అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, వేడెక్కి ఉండగా దాని మీద ఆయిల్ పడితే ఘాటైన కమురు కంపు వస్తుంది. బండి వేగంగా పోతున్నంతసేపు గాలి దాన్ని వెనక్కి తీసుకుపోతుంది కనుక, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడో ఇంజిన్ ఆపి దిగినప్పుడో అది ముక్కుకు తగులుతుంది. ఎగ్జాస్ట్ వాసనలో అరకొరగా కాలిన పెట్రోలు ఘాటు ఉంటుంది, కళ్లు మండుతాయి. తియ్యని వాసన వస్తే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌నూ, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌నూ అనుమానించాలి. ఈ కిట్ పనికొచ్చేది వీటిలో మొదటి వాసనకు మాత్రమే, అదీ ఆయిల్ ఇంజిన్ బయటి భాగాల మీదుగా కారుతున్నప్పుడే.

వాడే విధానం తేలికే గానీ తొందరపడితే ఫలితం దక్కదు. ముందుగా ఇంజిన్‌ను జిడ్డు వదిలించే డీగ్రీజర్‌తో శుభ్రంగా కడిగి ఆరనివ్వాలి. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు మీద రంగు వెతికితే ఎక్కడ చూసినా తడిగానే కనిపిస్తుంది. తరువాత ద్రవం కలపకముందే ఒకసారి టార్చి వేసి చూడాలి, ఎందుకంటే కొన్ని రకాల కూలెంట్లూ కొన్ని ఆయిళ్లూ వాటంతట అవే కాస్త మెరుస్తాయి. అది గమనించి పెట్టుకోకపోతే తరువాత కనిపించే ప్రతి మెరుపూ లీకుగానే తోస్తుంది. కిట్‌తో వచ్చిన కరపత్రంలో ఈ ముక్క లేకపోవడం పెద్ద లోపమే. ద్రవం పోసి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడిపి, మొదటి పరిశీలన చేయాలి. సన్నగా చెమర్చే లీకులు అంత త్వరగా బయటపడవు కనుక, కొన్ని రోజులు మామూలుగా తిరిగాక చీకట్లో మళ్లీ చూడాలి.

ఈ కారు విషయంలో కిట్ తన ఖరీదుకు న్యాయం చేసింది. బండి కింద నేల మీద పడే చుక్కలు గేర్‌బాక్సూ ఇంజినూ కలిసే బెల్ హౌసింగ్ దగ్గర నుంచి వస్తున్నాయి. ఆ చోట తడి కనబడగానే ఇంజిన్ లోపల తిరిగే ప్రధాన ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, వెనుక సీలు పోయిందని తేల్చి గేర్‌బాక్స్ దింపేయమనడం మామూలు. టార్చి వెలుగులో చూస్తే పసుపుపచ్చని చార బెల్ హౌసింగ్ దగ్గర మొదలు కాలేదు. అది ఇంజిన్ వెనుక గోడ వెంబడి పైకి, ఇంజిన్ పై భాగమైన సిలిండర్ హెడ్ వెనుక, ఇంజిన్‌నూ క్యాబిన్‌నూ వేరుచేసే ఫైర్‌వాల్‌కు ఆనినట్టుండే క్యామ్ యాంగిల్ సెన్సర్ దాకా సాగింది. ఆ సెన్సర్ చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగ్ వయసు మీద పడి గట్టిబడటం ఈ తరం ఎంఎక్స్-5లలో అందరికీ తెలిసిన జబ్బే. చెయ్యి దూరక ఇబ్బంది పెట్టే పని అన్నమాటే గానీ, మార్చవలసింది ఒక చిన్న రబ్బరు ఉంగరం.

అయితే కమురు వాసనకు కారణం అది కాదు. ఇంజిన్ పైమూత (వాల్వ్ కవర్) కింద ఆయిల్ కారకుండా ఉండే గ్యాస్కెట్ అంచున, ఎగ్జాస్ట్ వైపు మూల దగ్గర, వేలి గోరంత మేర సన్నటి మెరుపు కనిపించింది. దాని కింద మానిఫోల్డ్‌ను కప్పే రేకు (హీట్ షీల్డ్) మీద గోధుమ రంగు మరక తప్ప మెరుపేమీ లేదు. అక్కడ పడిన ఆయిల్ పడినట్టే మాడిపోతుంది కనుక నేల మీదికి చుక్క రాదు, రంగూ మిగలదు. నేలను తడిపే లీకూ ముక్కుకు తగిలే లీకూ వేర్వేరు కావచ్చన్న సంగతి పాత కారు ఉన్నవారెవరైనా గుర్తుంచుకోదగ్గది. మానిఫోల్డ్ మీద రంగు లేదని ఊరుకోకుండా, దాని పైన ఉన్న అతుకులన్నిటినీ వరుసగా చూడాలి.

టార్చిని నాసిరకం అనడానికి కారణం దాని కాంతి. చవక కిట్లలో ఎక్కువగా 395 నానోమీటర్ల ఎల్ఈడీలు పెడతారు. వాటి నుంచి కంటికి కనిపించే ఊదా వెలుగు బాగా వస్తుంది కనుక సన్నని మెరుపులు అందులో కలిసిపోతాయి. ఈ టార్చి మీద సంఖ్య ఏమీ రాయలేదు గానీ, గోడ మీద వేసినప్పుడు పడిన దట్టమైన ఊదా రంగే అది ఏ కోవదో చెబుతుంది. విడిగా కొన్న 365 నానోమీటర్ల టార్చి వేశాకే గ్యాస్కెట్ మూలన ఉన్న ఆ మెరుపు స్పష్టపడింది. అందుచేత కిట్ మొత్తం కొనడం కన్నా సీసానూ మంచి టార్చినీ విడివిడిగా కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం.

ఎగ్జాస్ట్ వాసనకు ఈ పెట్టెలో మందు లేదు. దానికి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చెవి పెట్టాలి: మొదట టిక్కుటిక్కుమని వినిపించి, లోహం వేడెక్కి వ్యాకోచించగానే ఆగిపోయే చప్పుడు మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర సందు ఉందనడానికి గట్టి సూచన. అతుకుల దగ్గర నల్లటి మసి చారలు కూడా అదే చెబుతాయి. ఎక్కడా లీకు లేకపోయినా, గుడ్డ టాపు ఉన్న ఇలాంటి కార్లలో వెనుక ప్లాస్టిక్ కిటికీ జిప్పు తీసి నడిపితే, బండి వెనుక ఏర్పడే అల్పపీడనం వల్ల సైలెన్సర్ పొగే లోపలికి తిరిగి వస్తుంది. ఎయిర్-కూల్డ్ పోర్షే 911 ఉన్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అందులో హీటర్ గాలి ఎగ్జాస్ట్ చుట్టూ ఉండే హీట్ ఎక్స్ఛేంజర్ల మీదుగానే క్యాబిన్‌లోకి వస్తుంది కనుక, అవి చిల్లుపడితే పొగ నేరుగా లోపలికే చేరుతుంది. పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు కాబట్టి ముక్కును నమ్ముకోకుండా, అంకెలు చూపించే మీటరు పెట్టుకోవాలి. ఇళ్లలో పెట్టే అలారం ఇక్కడ చాలదు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 50291 ప్రకారం అది గాలిలో ఆ వాయువు 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) ఉన్నప్పుడు 60 నుంచి 90 నిమిషాల మధ్య మోగితే చాలు, ఇరుకైన క్యాబిన్‌లో కూర్చున్నవారికి అది చాలా ఆలస్యం.

పొగ గొట్టం నుంచి నీలిరంగు పొగ వస్తూ, ఇంజిన్ బయట అంతా పొడిగా ఉంటే ఈ కిట్ కొనకండి. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే వచ్చే నీలి పొగ వాల్వ్ స్టెమ్ సీళ్లనూ, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చేది పిస్టన్ రింగులనూ అనుమానించమంటుంది. ఆ డబ్బు సిలిండర్లలో పీడనం కొలిచే కంప్రెషన్ పరీక్షకు పెట్టడం సబబు. కిట్ కొన్నవారు మాత్రం రిపేరు అయ్యాక పాత మరకలను మళ్లీ కడిగి, ఆయిల్ మార్చకముందే మరోసారి టార్చి వేసి చూడాలి. ఆయిల్‌లో రంగు ఉన్నంతకాలం ఆ తనిఖీకి అదనపు ఖర్చేమీ లేదు.