మ్యాక్ మినీ కొన్నాక ఇంకేం కొనాలె: ఒక నల్లగొండ ఆల్బమ్ డిజైనర్ మాట

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మాది చిన్న డిజైనింగ్ షాపు. లగ్గం ఆల్బమ్‌లే మా బతుకుదెరువు. నకిరేకల్, మునుగోడు, హాలియా నుంచి ఫొటోగ్రాఫర్లు కెమెరా మెమరీ కార్డులు పట్టుకొని వస్తుంటారు. మాఘమాసం లగ్గాలు మొదలుకాకముందే పాత టవర్ సిస్టమ్ తీసేసి ఆపిల్ వాళ్ల చిన్న కంప్యూటర్ మ్యాక్ మినీ (ఎం4 చిప్‌ది) పెట్టుకున్నాను. అయిదంగుళాల పెట్టె, ఎత్తు రెండంగుళాలు. ఆల్బమ్ షీట్లు ఇరవై ఒకేసారి తెరిచినా బెదరదు. పెట్టె బాగుంది. దాని చుట్టూ ఏం పెట్టుకోవాలో తెలియడానికే నాకు ఒక సీజన్ పట్టింది.

మొదటి రోజే ఒక తమ్ముడు వచ్చి, "అన్నా, కార్డు యాడ పెట్టాలె?" అన్నాడు. ముందు వైపు రెండు టైప్-సి రంధ్రాలు, ఒక హెడ్‌ఫోన్ రంధ్రం. వెనక మూడు థండర్‌బోల్ట్ (అవీ టైప్-సి ఆకారమే, వేగం ఎక్కువ), తెరకు హెచ్‌డీఎంఐ, నెట్ కేబుల్‌ది. అంతే. కెమెరా కార్డుకు చోటు లేదు, మామూలు పెన్‌డ్రైవ్ పట్టే పెద్ద యూఎస్‌బీ కూడా లేదు. ఒక రంధ్రానికి తగిలిస్తే మరిన్ని రంధ్రాలిచ్చే పెట్టెను హబ్ అంటారు, మా పనికి అది తప్పదు.

తొందరలో తొమ్మిది వందలు పెట్టి ఒక చిన్న హబ్ తెచ్చాను. దానికి విడిగా కరెంటు ఉండదు. కార్డు ఒక్కటే పెడితే బాగానే ఉండేది, పక్కన హార్డ్‌డిస్క్ కూడా తగిలిస్తే రెండిట్లో ఒకటి ఊడిపోయేది. ఒకరోజు తలంబ్రాల ఫొటోలు ఎక్కుతుండగా కాపీ మధ్యలో ఆగింది. కార్డు ఇంకా చెరపలేదు కాబట్టి బతికిపోయాం. పోతే ఆ పిల్ల తల్లిదండ్రులకు ఏం చెప్పేవాణ్ని? ఆ రోజు నుంచి రెండు చోట్ల కాపీ పడితే గాని కార్డు ఫార్మాట్ చేయనివ్వను.

తర్వాత విడి అడాప్టర్‌తో నడిచే హబ్ కొన్నాను, మినీ కింద పీటలాగా ఉండే రకం. దాని ముఖం మీదే కార్డు రంధ్రం, రెండు పాత యూఎస్‌బీలు ఉన్నాయి. ఇలాంటిది కొనేటప్పుడు ఒకటి పైలంగా చూడండి. ఈ మినీ గాలి తీసుకునేదీ వదిలేదీ అడుగు నుంచే. పీట దాన్ని మూసేస్తే మన మే నెల ఎండకు లోపల ఉడికిపోతుంది. నాది చుట్టూ సందు వదిలి కూర్చుంటుంది. పవర్ బటన్ కూడా అడుగునే, వెనక ఎడమ మూలన ఉంటుంది. వేలు దూరేంత చోటు ఉందో లేదో షాపులోనే పెట్టి చూడండి.

ఇక అసలు సంగతి కేబుల్. ఫైళ్లు దాచుకునే లోపలి చోటు 256 జీబీయే. ఒక్క లగ్గం రా ఫైళ్లే (కెమెరా కుదించకుండా ఇచ్చే పెద్ద ఫొటో ఫైళ్లు) 200 జీబీ దాకా వస్తాయి. అందుకని 1 టీబీ ఎన్‌వీఎంఈ కార్డు (వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డ్రైవ్), దాన్ని పెట్టుకునే అల్యూమినియం డబ్బా తీసుకున్నాను. సెకనుకు 10 గిగాబిట్ల రకం. తగిలించి కాపీ పెడితే గంటన్నర చూపించింది. డబ్బా మార్చాను, రంధ్రం మార్చాను, సిస్టమ్ ఆపి మళ్లీ పెట్టాను. రెండు రోజులు యాష్టకొచ్చింది. చివరికి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి యూఎస్‌బీ దగ్గర చూస్తే ఆ డ్రైవ్ పక్కన 480 మెగాబిట్లు అని ఉంది. నేను వాడుతున్నది ఫోను చార్జర్‌తో వచ్చిన తీగ! పిన్ను అదే, చార్జింగూ జోరుగానే ఎక్కుతుంది, కానీ డేటాకు లోపల ఉన్నవి పాత యూఎస్‌బీ 2 తీగలే. 10 గిగాబిట్లని రాసి ఉన్న జానెడు కేబుల్ తెచ్చి పెట్టాను. అవే 200 జీబీ ఆరు నిమిషాల్లో అయిపోయాయి. డబ్బా కంటే ముందు కేబుల్ చూసుకోండి.

ఆ ఎస్‌ఎస్‌డీని మ్యాక్, విండోస్ రెండూ చదివి రాసే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటే విండోస్ వాళ్లకూ పనికొస్తుంది. ఫొటోగ్రాఫర్లు తెచ్చే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన) హార్డ్‌డిస్క్‌లను మ్యాక్ చదువుతుంది గాని, వాటిలోకి మనం రాయలేం. ఆల్బమ్ తిరిగి ఇచ్చేటప్పుడు ఈ సంగతి తెలియక ఒక పూట పోయింది.

వైర్‌లెస్ మౌస్ రిసీవర్‌ను ఎస్‌ఎస్‌డీ పక్కనే పెడితే, ఫొటోలో జడ చుట్టూ కటింగ్ చేస్తున్నప్పుడు బాణం గుర్తు ఎగిరెగిరి పడేది. యూఎస్‌బీ 3 పనిచేసేటప్పుడు వచ్చే అలజడి 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు అడ్డం పడుతుంది. మీటరు ఎక్స్‌టెన్షన్ తీగతో రిసీవర్‌ను మౌస్ దగ్గరికి జరిపాను, మళ్లీ ఎగరలేదు. నూట యాభై రూపాయల వస్తువు.

యూపీఎస్ తప్పక పెట్టుకోండి, దీనికి బ్యాటరీ ఉండదు. గట్టిగా పనిచేసినప్పుడు కూడా ఎం4 మినీ 65 వాట్లు దాటదు, ఊరికే ఉంటే 4 వాట్లే. మాకు 600 వీఏది సరిపోయింది. కరెంటు పోతే ఫైల్ సేవ్ చేసుకొని తీరిగ్గా ఆపుకోవచ్చు.

మానిటర్ పాతదే ఉంచుదామనుకున్నా. 24 అంగుళాల మామూలు హెచ్‌డీ తెర మీద పేర్ల ఒత్తులు, సున్నాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. 27 అంగుళాల 4కే పెట్టాక "క్ష్మి" ఒత్తు విడివిడిగా కనపడుతోంది. పెట్టిన ఖర్చులో ఎక్కువ దీనికే అయింది, అయినా నాకు బాధ లేదు. నిలువుగా పెట్టుకునే స్టాండ్లు, రంగు లైట్ల పీటలు మాత్రం అక్కర్లేదు.

ఆ కొత్త కేబుల్‌కు రెండు కొసల్లో ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టాను. ఫోను చార్జింగ్‌కు దాన్ని తీయొద్దని షాపులో అందరికీ చెప్పాను.