రైతుబజారు సంచితో పన్నెండేళ్లు

విశాఖపట్నంలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న రైతుబజారుకి వారానికి రెండుసార్లు వెళ్లడం మొదలుపెట్టి పన్నెండేళ్లయింది. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ బజార్లు మొదలైన కొత్తల్లోనే మా అత్తగారు అలవాటు పడ్డారు. ఆవిడ మోకాళ్ల నొప్పులతో ఆగిపోయాక సంచి నా చేతికొచ్చింది.

మొదట్లో సోమవారం బెండకాయ, మంగళవారం క్యాబేజీ అని చీటీ రాసుకుని వెళ్లేదాన్ని. ఇప్పుడు చీటీ లేదు. లోపలికి వెళ్లగానే ధరల బోర్డు చూస్తాను, ఆ తర్వాత ఒక చుట్టు తిరుగుతాను. ఏది కుప్పలుగా పోసి ఉండి ధర దిగిందో అదే ఆ వారం మా ఇంట్లో కూర. మా వంట మొత్తం మారింది ఈ ఒక్క అలవాటుతోనే.

నాకు ఎండాకాలం సరుకంటే ప్రాణం. పచ్చి జీడిపప్పు వస్తుంది. వేడినీళ్లలో కాసేపు నానబెడితే పొట్టు ఊడొస్తుంది. వంకాయతో కలిపి వండితే ఇంకో కూర అక్కర్లేదు. ఇక పనసపొట్టు. కొట్టించి తెచ్చాక అదే రోజు వండెయ్యాలి, ఉంచితే నల్లబడుతుంది. పసుపు, ఉప్పు వేసి ఉడికించి, చల్లారాక నీళ్లు గట్టిగా పిండెయ్యాలి. చింతపండు గుజ్జు ఉడికించి, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపులో పొట్టు కలిపి, పొయ్యి మీంచి దించేసి, పూర్తిగా చల్లారాక ఆవముద్ద పెట్టాలి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. మొదటి రెండేళ్లూ నేను అలాగే పాడుచేశాను. ఆవ ఊరాక మర్నాడు పొద్దున తింటే దాని రుచి వేరు.

ఆషాఢంలో మునగాకు, వానలు పడ్డాక ఆగాకరకాయ, చలికాలంలో చిక్కుడు, కంద, తేగలు. కందా బచ్చలీ కలిపి ఆవ పెట్టిన కూరకి మా ఇంట్లో పిల్లలు కూడా వంక పెట్టరు.

2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు చుట్టుపక్కల అందరికీ టెన్షనే. మాకు పెద్దగా తెలియలేదు. ఎండాకాలంలో ఎండబెట్టుకున్న మామిడి ఒరుగులు పప్పులోకి వచ్చాయి, గోంగూర ఎలాగూ ఉంది. పులుపుకి టమాటా ఒక్కటే దిక్కు కాదని నాకు గట్టిగా అర్థమైంది ఆ నెలలోనే.

ఇబ్బందులూ ఉన్నాయి. కూర్చున్న వాళ్లందరూ రైతులు కారు. ఒకే సైజులో నిగనిగలాడే పదిహేను రకాల కూరలు ఒకే బల్ల మీద కనిపిస్తే అది చాలావరకు కొనుక్కొచ్చి అమ్మే సరుకే. రైతు దగ్గర రెండు మూడు రకాలే ఉంటాయి, వేళ్లకి మట్టి ఉంటుంది, వంకాయల్లో కొన్నింటికి పుచ్చు కూడా ఉంటుంది. నేను అక్కడే కొంటాను, పుచ్చు కోసి పారేస్తే సరిపోతుంది. ఒకసారి ఒక బల్ల దగ్గర కొన్న రెండు కిలోల బీరకాయలు ఇంట్లో తూస్తే పావుకిలో తక్కువొచ్చాయి. మళ్లీ అటు వెళ్లలేదు. వానాకాలంలో ఆకుకూరలు తడిసి ముద్దయి ఉంటాయి. కట్టలు విప్పి గుడ్డ మీద ఆరబోస్తేనే రెండో రోజుకి మిగులుతాయి. ఉద్యోగానికి పొద్దున్నే వెళ్లేవాళ్లకి ఈ పని కష్టమే, ఒప్పుకోవాలి.

ఆకుకూర కావాలంటే ఆరున్నరలోపు వెళ్లండి. ఆదివారం వద్దు, జనం తోపులాటలో కాయ ఏరుకునే వీలుండదు. చిల్లర, రెండు గుడ్డసంచులు పట్టుకెళ్లండి. టమాటాలు మాత్రం విడిగా పైన పెట్టండి.