పదమూడేళ్ల టర్బో కారు, ఎనిమిదేళ్ల ఆదివారాలు

2017లో ఈ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు మీటరు మీద 61,000 కిలోమీటర్లు ఉన్నాయి. ఇవాళ 1,48,000. 2012 మోడల్, 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్ (టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే చిన్న ఫ్యాను లాంటిది), మాన్యువల్ గేర్లు. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేవి ఆ కాలపు టర్బో పెట్రోల్ కార్లలో చాలావాటికి వర్తిస్తాయి. పైగా పదేళ్లు దాటాక రబ్బరు చిట్లితే, ప్లాస్టిక్ పెళుసెక్కితే అది వయసు చేసిన పని. తయారుచేసినవాళ్లను అనడానికి ఏమీ లేదు.

మేముండేది చెన్నైలో, వేళచ్చేరిలో. సొంతూరు గూడూరు దగ్గర. నెలకో రెండు నెలలకో ఒకసారి రెడ్‌హిల్స్, గుమ్మిడిపూండి, తడ, సూళ్లూరుపేట మీదుగా ఊరికి వెళ్లొస్తాం. మిగతా రోజులన్నీ సిగ్నళ్ల మధ్య పాకడమే. తడ దాటాక ఖాళీ రోడ్డు మీద 2,000 ఆర్‌పీఎం దగ్గర ఎవరో వీపు మీద చెయ్యి వేసి నెట్టినట్టు వచ్చే ఆ పికప్ కోసమే ఈ కారు కొన్నాను. ఇప్పటికీ అమ్మకపోవడానికి కూడా అదే కారణం.

పని చేసేది మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే. కింద పాత ఫ్లెక్సీ పరుస్తాను, ఒక్క చుక్క ఆయిల్ నేల మీద పడనివ్వను. అసోసియేషన్ వాళ్లకు ముందే ఆ మాట ఇచ్చాను, ఇంతవరకు నిలబెట్టుకున్నాను. తీసిన ఆయిల్ క్యాన్లలో పట్టి, పాత ఆయిల్ సేకరించే వర్క్‌షాపులో ఇస్తాను. ఇంట్లో పని మొదలుపెట్టాలనుకునేవాళ్లు అన్నిటికన్నా ముందు కొనాల్సింది రెండు జాక్ స్టాండ్లు. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి తల పెట్టకూడదు. ఆ తర్వాత టార్క్ రెంచి, కారు కంప్యూటరు ఇచ్చే కోడ్‌లు చదవడానికి ఓబీడీ పోర్టులో పెట్టే బ్లూటూత్ స్కానర్, తలకు కట్టుకునే మంచి లైటు. మిగతా పానాలు అవసరాన్ని బట్టి ఒక్కొక్కటే పోగవుతాయి.

2020 జనవరిలో, పండక్కి ఊరెళ్తుండగా సూళ్లూరుపేట దగ్గర కారు ఒక్కసారిగా నీరసపడిపోయింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లాగడం లేదు. చెక్ ఇంజన్ లైటు వెలిగింది. ఓవర్ హీట్ లేదు, పొగ లేదు. కానీ గేరు మార్చినప్పుడల్లా బానెట్ కింద నుంచి ఒక ఈల. ఎనభై దాటకుండా ఊరు చేరాం. చెన్నై తిరిగొచ్చాక ఒక వర్క్‌షాపులో చూపిస్తే పది నిమిషాల్లో చెప్పేశారు: "టర్బో పోయింది సార్, కొత్తది వెయ్యాలి, 78,000 అవుతుంది." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు స్కానర్ పెట్టి చూశాను. కోడ్ పీ0299, అంటే కంప్యూటరు అడిగినంత బూస్ట్, అదే టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి, రావడం లేదని. టర్బో చచ్చిపోయిందని కాదు. టర్బో గాలిని నొక్కి పంపుతుంది, ఆ గాలి పైపుల గుండా ఇంటర్‌కూలర్‌కి వెళ్లి చల్లబడి, అక్కడి నుంచి ఇంజన్‌కి వస్తుంది. ఈ దారిలో ఎక్కడ కన్నం పడినా ఇదే కోడ్ వస్తుంది. మోటారు బాగానే ఉండి పైపు పగిలితే పొలానికి నీళ్లు అందనట్టే ఇదీ.

అందుకని పరీక్ష పెట్టాను. హార్డ్‌వేర్ షాపులో 63 ఎంఎం పీవీసీ ఎండ్ క్యాప్ ఒకటి, పంక్చర్ షాపులో ట్యూబ్‌లెస్ టైరు వాల్వు ఒకటి కొన్నాను. రెండూ కలిపి నూరు రూపాయలు కాలేదు. క్యాప్ మధ్యలో బెజ్జం చేసి వాల్వు బిగించాను. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకి వచ్చే పైపు ఊడదీసి, దాని నోటికి ఆ క్యాప్ పెట్టి క్లిప్పు వేశాను. ఇంజన్ బ్రీదర్ పైపును ఆ దారి నుంచి తప్పించి, దాని చోటు మూసేశాను. లేకపోతే గాలి ఇంజన్ కడుపులోకి పోయి సీళ్ల మీద ఒత్తిడి పడుతుంది. తర్వాత టైర్లకు గాలి కొట్టే చిన్న పంపుతో ఎనిమిది పీఎస్‌ఐ దాకా నింపాను. పది దాటనివ్వకూడదు, క్యాప్ ఎగిరి మొహానికి తగిలే ప్రమాదం ఉంది. సబ్బు నీళ్లు స్ప్రే చేస్తూ ఒక్కో జాయింటే చూసుకుంటూ పోయాను.

చివరి దాకా వెతకాల్సిన పని లేకపోయింది. ఇంటర్‌కూలర్‌కి వెళ్లే వేడి వైపు పైపు, క్లిప్పు అంచు దగ్గర అంగుళంన్నర చిట్లి ఉంది. నురగ బుడబుడా పొంగింది. పైనుంచి చూస్తే కనబడని చోటు, వేలితో తడిమితేనే తెలిసేది. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో నాలుగు షాపులు తిరిగి కొత్త పైపు, రెండు మంచి క్లాంపులు తెచ్చాను, 2,300 రూపాయలు. అదే రోజు సాయంత్రం పికప్ తిరిగొచ్చింది. పాత టర్బో కారున్న ప్రతివాళ్లకీ నేను ముందుగా చెప్పేది ఇదే. బండి లాగడం లేదంటే టర్బో మీద అనుమానం చిట్టచివర రావాలి. ముందు పైపులు, క్లిప్పులు, డైవర్టర్ వాల్వు (యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలిన ఒత్తిడి గాలిని పక్కకు వదిలేది), సన్నని వ్యాక్యూమ్ గొట్టాలు చూడాలి. ఇప్పుడు ఏటా వానలకు ముందు ఈ సబ్బు నీళ్ల పరీక్ష ఒకసారి చేస్తాను.

ఇక ఆయిల్. మా చిన్నాన్న ముప్పై ఏళ్లు లారీ తోలాడు. నేను కారు కొన్న కొత్తల్లో ఊళ్లో ఇంటి ముందు ఆపి టక్కున తాళం తిప్పితే, "ఏం అబ్బయ్యా, అంత దూరం పరిగెత్తించి ఠక్కున గొంతు నొక్కేస్తావా? కాసేపు ఊపిరి తీసుకోనియ్యి" అన్నాడు. అప్పుడు ఆ మాట తలకెక్కించుకోలేదు. ఇంత చిన్న టర్బో పూర్తి వేగంలో నిమిషానికి రెండు లక్షల చుట్ల దగ్గరికి వెళ్తుంది. దాన్ని తిప్పేది ఇంజన్ నుంచి వచ్చే పొగ, పెట్రోల్ ఇంజన్‌లో ఆ పొగ వేడి 900 డిగ్రీలు దాటగలదు. ఆ ఇరుసు తిరిగేది సన్నటి ఆయిల్ పొర మీద. హైవే మీద గట్టిగా నడిపి వెంటనే ఇంజన్ ఆపితే ఆయిల్ పంపు ఆగిపోతుంది, వేడి మాత్రం ఎక్కడికీ పోదు. లోపల నిలిచిన ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడుతుంది. చిన్నాన్న మాట విలువ నాకు ఐదేళ్ల తర్వాత, ఆయిల్ పైపు విప్పినప్పుడు తెలిసింది. ఆ సంగతికి వస్తాను.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఊరు చేరే ముందు చివరి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడుపుతాను. టోల్ దగ్గరో బంకులోనో ఆపాల్సి వస్తే ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచుతాను. ఆయిల్ 5డబ్ల్యూ-40 ఫుల్ సింథటిక్, 15,000 కిలోమీటర్లు ఆగకుండా 7,500కే మార్పు. ఏడాదిలో అంత తిరగకపోయినా మారుస్తాను, ఎందుకంటే సిటీ ట్రాఫిక్‌లో గంటలు గంటలు నడిచిన ఇంజన్ లెక్క మీటరు చెప్పదు. డ్రెయిన్ బోల్టుకు ప్రతిసారీ కొత్త వాషర్. నెలకోసారి డిప్‌స్టిక్. ఈ పని నేర్చుకోవడానికి ఒక్క ఆదివారం చాలు.

2022 వేసవి నుంచి సిగ్నల్ దగ్గర రెండు మూడు నిమిషాలు నిలిచి కదిలితే వెనక నీలం పొగ వచ్చేది. ముందు పీసీవీ వాల్వు (ఇంజన్ కడుపులో చేరే ఆవిర్లను బయటికి లాగే దారిలో ఉండేది) మార్చాను, పొగ సగం తగ్గింది. మిగతా సగం పోలేదు. ఇంటర్‌కూలర్ పైపు విప్పితే లోపల అర గ్లాసు ఆయిల్. టర్బో ఇరుసును వేళ్లతో కదిపి చూశాను. పక్కలకు కాస్త ఆడటం మామూలే, ముందుకూ వెనక్కూ మాత్రం ఆడకూడదు. ఇది ఆడింది. ఈసారి నిజంగానే టర్బో.

దాన్ని విప్పడానికి మూడు ఆదివారాలు పట్టింది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఎగ్జాస్ట్ వైపు నట్లు తుప్పుతో ఏకమైపోతాయి. మూడు రాత్రులు తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచినా ఒక స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) విరిగింది. ఇంజన్ పొగను టర్బోకి చేర్చే మానిఫోల్డ్ మొత్తం విప్పి గిండీలో ఒక లేత్ షాపుకు తీసుకెళ్లి డ్రిల్ చేయించాల్సి వచ్చింది. అక్కడ నేను తొందరపడ్డాను. నట్టు కదలనప్పుడు ఇంకో రోజు ఆగి ఉంటే అది విరిగేది కాదేమో.

టర్బోకి ఆయిల్ తెచ్చే సన్న పైపు విప్పి వెలుతురుకు పెట్టి చూస్తే, పెన్సిల్ పట్టాల్సిన కన్నంలో అగ్గిపుల్ల పట్టేంత దారి మిగిలింది. చుట్టూ నల్లగా గట్టిపడిన మసి. చిన్నాన్న చెప్పింది కళ్లకు కట్టినట్టు కనబడింది. కొత్త కార్ట్రిడ్జ్ (టర్బో మధ్యలో ఇరుసు, బేరింగులు ఉండే భాగం) వేసి ఈ పైపు పాతదే బిగించి ఉంటే కొన్ని నెలల్లో మళ్లీ అదే కథ అయ్యేది. టర్బో మార్పించుకునేవాళ్లు ఆయిల్ పైపు, దాన్ని బిగించే బాంజో బోల్టులు, రాగి వాషర్లు, గాస్కెట్లు కొత్తవి వేశారా, ఆయిల్ తిరిగి కిందికి దిగే పైపు శుభ్రం చేశారా అని తప్పకుండా అడగండి.

మొత్తం టర్బో కొనలేదు. బ్యాలెన్స్ చేసిన కార్ట్రిడ్జ్ 19,500కు దొరికింది. పాత బాడీలోకి అది ఎక్కించే ముందు బాడీ ఏ కోణంలో ఉందో మార్కరుతో గీతలు పెట్టుకున్నాను, బూస్ట్ హద్దు దాటకుండా చూసే వేస్ట్‌గేట్ రాడ్ పొడవు ముట్టుకోలేదు. బిగించాక టర్బోకి ఆయిల్ వచ్చే కన్నంలో కొంచెం ఆయిల్ పోసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేసి, ఐదేసి సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టాను. ఆయిల్ లైటు ఆరిపోయాకే ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేశాను. బయటి పనితో కలిపి 31,000 అయింది. అప్పటికి మీటరు 1,19,000. ఇప్పటికి దాదాపు 29,000 కిలోమీటర్లు, పొగ లేదు.

చెన్నైలో పాత కారుకు మరో శత్రువు నీళ్లు, రెండు రకాలుగా. మొదటిది బోరు నీళ్లు. రేడియేటర్లో కూలెంట్ తగ్గిందని ఎవరో మంచి మనసుతో బాటిల్‌తో బోరు నీళ్లు పోస్తారు. ఆ ఉప్పు లోపల పెచ్చులు కడుతుంది. కొన్న ఏడాదే కూలెంట్ ఖాళీ చేస్తే తుప్పు రంగు నీళ్లు, తెల్లటి పొరలు వచ్చాయి. నాలుగు సార్లు కడిగాక కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి నింపాను. బ్యాటరీ షాపుల్లో దొరుకుతాయి ఆ డిస్టిల్డ్ నీళ్లు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నాకు పగిలింది 2021 మేలో కూలెంట్ ట్యాంకు, అతుకు దగ్గర. ఆ వారమే థర్మోస్టాట్, దాని ప్లాస్టిక్ హౌసింగ్, పై గొట్టం అన్నీ కలిపి మార్చేశాను. ఒకటి పెళుసెక్కిందంటే పక్కది కూడా ఆ వయసుదే.

రెండోది వరద. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు వేళచ్చేరి మునిగినప్పుడు మా పార్కింగ్‌లో మోకాలి లోతు నిలిచింది. ముందు రోజే కారును అన్నానగర్‌లో బంధువుల ఇంటి దగ్గర పెట్టి రావడం మంచిదైంది. 2024 అక్టోబరు వానలకు మా చుట్టుపక్కల చాలామంది కార్లు వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద వరసగా నిలిపారు, అందులో నాదీ ఒకటి. నా కారులో గాలి పీల్చే మూతి కిందగా ఉంటుంది. ఇంజన్ నీళ్లు మింగితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. అది ఇంట్లో బాగయ్యేది కాదు.

చిన్నవి త్వరగా చెబుతాను. స్పార్క్ ప్లగ్గుల గ్యాప్ టర్బో ఇంజన్లో తక్కువే ఉండాలి, నా దాంట్లో 0.7 ఎంఎం. అది పెరిగితే బూస్ట్ వచ్చినప్పుడే మిస్సింగ్ మొదలవుతుంది. ప్లగ్గులు ఇంజన్ చల్లారాకే విప్పాలి. ఇగ్నిషన్ కాయిల్ ఇప్పటికి ఒకటే పోయింది. పెట్రోల్లో ఇథనాల్ 20 శాతానికి పెరిగాక, ఆ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసిన కారు కాదు కాబట్టి బానెట్ కింద పెట్రోల్ గొట్టాలు ఇథనాల్ తట్టుకునేవి వేయించాను. మైలేజీ కాస్త తగ్గింది. అద్దాల మోటారు, తలుపు హ్యాండిల్ లాంటివి పుదుపేటలో పాత సామాన్ల షాపుల్లో దొరికాయి. రబ్బరు, బేరింగు, సీలు మాత్రం అక్కడ కొనను.

టైమింగ్ బెల్టు నేను ముట్టుకోను. ఒక్క పన్ను తప్పినా వాల్వులూ పిస్టన్లూ గుద్దుకునే ఇంజన్ ఇది. దానికి కావలసిన లాకింగ్ టూల్స్ ఉన్న మెకానిక్ అన్న ఒకరు పెరంబూరులో ఉన్నారు. ఐదేళ్లకోసారి ఆయన దగ్గరికే, వాటర్ పంపుతో సహా. ఏసీ గ్యాస్, వీల్ అలైన్‌మెంట్, ఎయిర్‌బ్యాగ్ కూడా బయటే.

నోటు పుస్తకంలో ప్రతి బిల్లూ రాసుకున్నాను. టైర్లు, ఇన్సూరెన్స్, పెట్రోల్ కాకుండా ఎనిమిదేళ్లకు 2,34,000 రూపాయలు. ఏడాదికి ముప్పై వేల లోపే. అయితే ఇందులో నా ఆదివారాల కూలి లేదు. మీకు ఆ టైమ్ లేకపోతే, రెండో బండి లేకపోతే, పదేళ్లు దాటిన టర్బో కారు కొనొద్దని నిజాయితీగా చెబుతాను. నా కారు మూడు వారాలు స్టాండ్ల మీద ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లు స్కూటీ మీద, ఎంఆర్‌టీఎస్ రైల్లో సర్దుకున్నారు. ఆ సర్దుబాటు లేకుండా ఈ పని సాగదు.

2027లో రిజిస్ట్రేషన్‌కి పదిహేనేళ్లు నిండుతాయి. ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవాలంటే కారును పరీక్షకు తీసుకెళ్లాలి. ఆ లోపు సైలెన్సర్ దగ్గర తుప్పు, ముందు సస్పెన్షన్ బుష్షులు, మూడోసారి టైమింగ్ బెల్టు పూర్తి చేయాలని రాసిపెట్టుకున్నాను. వీటికన్నా ముందు, వచ్చే ఆదివారం డైవర్టర్ వాల్వు విప్పి చూడాలి. గేరు మార్చేటప్పుడు వచ్చే ఫుస్సు శబ్దం రెండు వారాలుగా సన్నబడింది.