రేడియో మోడెమ్‌కు కరెంటు: నెట్ కేబుల్‌లోనా, విడి తీగలోనా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం చుట్టుపక్కల కొండ ఊళ్లలో ఇంటర్నెట్ కోసం వైర్‌లెస్ రేడియో మోడెమ్‌ను మిద్దె మీది స్తంభానికి బిగించడం పెద్ద పని కాదు. దానికి కరెంటు ఎలా అందించాలన్న దగ్గరే అభిప్రాయాలు చీలుతాయి. 230 వోల్టుల తీగను పైదాకా లాగి అడాప్టరును అక్కడే డబ్బాలో పెట్టే పద్ధతి వానాకాలంలో ప్రాణాంతకం కాబట్టి దాన్ని పక్కన పెడదాం. ఇక మిగిలినవి రెండే: డేటా నడిచే నెట్ కేబుల్‌లోనే కరెంటును కూడా పంపే పీఓఈ, లేదా దానికి తోడుగా విడి డీసీ తీగ.

ఇంట్లో కరెంటు, ఇన్వర్టర్ ఉన్నచోట పీఓఈయే మేలని నా అభిప్రాయం. పైకి వెళ్లేది ఒకే కేబుల్. రేడియో మొరాయిస్తే జోరువానలో నిచ్చెన ఎక్కకుండా కింద ప్లగ్గు తీసి పెడితే చాలు. అయితే కరెంటును పంపే చిన్న డబ్బాకు పక్కపక్కనే ఒకే తీరున రెండు సాకెట్లు ఉంటాయి. పీఓఈ అని రాసి ఉన్నది రేడియోకు, ల్యాన్ అని ఉన్నది రౌటరుకు వెళ్లాలి. ఇవి తారుమారైతే 24 వోల్టుల పాసివ్ రకం డబ్బా రౌటరు పోర్టును కాల్చేయవచ్చు. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణాన్ని పాటించే పరికరాలు అవతల ఉన్నదేమిటో పరీక్షించాకే కరెంటు వదులుతాయి. పాసివ్ రకానికి ఆ విచక్షణ లేదు.

కరెంటు లేని పొలం గట్టునో కొండ మీదో 12 వోల్టుల సోలార్ బ్యాటరీతో నడపాలంటే లెక్క మారుతుంది. 8 వాట్ల రేడియోకు 40 మీటర్ల మామూలు రాగి నెట్ కేబుల్‌లో 12 వోల్టులు పంపితే పైకి చేరేది దాదాపు 9 వోల్టులే, అదే 24 పంపితే తగ్గేది ఒకటింబావు వోల్టుకు లోపే. 2.5 చదరపు మిల్లీమీటర్ల విడి రాగి తీగలోనైతే 12 వోల్టుల్లో అర వోల్టు కూడా పోదు. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్, అక్కడి నుంచి మళ్లీ అడాప్టరు అంటూ కరెంటును అటూ ఇటూ మార్చి వృథా చేయడం కంటే ఇక్కడ విడి తీగే నయం.

ఏ పద్ధతిలోనైనా కేబుల్ అచ్చమైన రాగిదై ఉండాలి. బరంపురంలో కొన్నా పాతపట్నంలో కొన్నా, చవకగా దొరికే రాగిపూత అల్యూమినియం కేబుల్‌లో నిరోధం సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. వోల్టుల నష్టమూ ఆ మేరకు పెరుగుతుంది.

ఒడిశా ప్రభుత్వం 2015లోనే పిడుగుపాటును రాష్ట్ర విపత్తుల్లో చేర్చిన సంగతి మరవకూడదు. పీఓఈలో ఒక్క కేబుల్‌కు రెండు కొసల్లో సర్జ్ అరెస్టర్లు (ఉప్పెనలా వచ్చే అధిక వోల్టేజీని నేలలోకి మళ్లించే పరికరాలు) పెట్టి ఎర్తు చేస్తే సరిపోతుంది, విడి తీగ వేసినవారు మాత్రం దానికీ వేరుగా రక్షణ కల్పించాలి.